పంటి ఫొటో

“నోరు తెరువమ్మా. ఇంకొంచెం... ఇంకాస్త,” అన్నారు డాక్టరు పరంజ్యోతి గారు.

పేరమ్మ తెరిచింది గానీ, ఆయన చేతిలోని చిన్న ఫిల్ము ముక్క పెదవి దాకా రాగానే టక్కున మూసేసింది. ఇది మూడోసారి.

గోడవారన నిలబడ్డ కోడలు గురవమ్మకు నవ్వాగలేదు. కాపురానికొచ్చిన ఈ ఏడాదిలో అత్త దేనికైనా జంకడం ఆమె చూసిందే లేదు. పోయిన తుఫానుకు తమ పట్టపుపాలెం మొత్తం పిల్లాజెల్లాతో అల్లూరు దారి పడితే, పేరమ్మ ఒక్కతే వెనక్కి పరుగెత్తి, పడవను కొబ్బరిచెట్టుకు బిగించి కట్టి మరీ కదిలింది. అలాంటి మనిషి పది రోజులుగా చెంప బూరెలా వాచి, గంజి కూడా మింగలేక అల్లాడుతోంది. లవంగాలయ్యాయి, ఉప్పునీళ్లయ్యాయి, పసరు మందులయ్యాయి. మామ ముత్యాలయ్య, మొగుడు చిన్నపోలయ్య సముద్రం మీద వేటకు పోయి ఉండటంతో గురవమ్మే పట్టుబట్టి పొద్దున బస్సుకు నెల్లూరు తీసుకొచ్చింది.

పరంజ్యోతి గారు మద్రాసు నుంచి ఎక్స్‌రే మిషను తెప్పించి నాలుగు నెలలైంది. పంతొమ్మిది వందల అరవై మూడులో అదొక వింత. దాన్ని చూడటానికే వచ్చి, పన్ను నొప్పని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

“పైకి పన్ను బాగానే ఉంది. వేరు దగ్గర చీము పట్టిందేమో ఫొటో తీస్తే తెలుస్తుంది. ఉంచాలా పీకాలా అనేది అప్పుడు చెప్తాను,” అన్నారాయన ఓపిగ్గా.

“ఫొటోకు నోట్లో ఈ ముక్కెందుకయ్యా?”

“ఇది కంటికి కనపడని వెలుగు. చెంపలోంచి దూరిపోయి దీని మీద పడుతుంది.”

“చెంపలో దూరేది ఆడనే ఆగుతాదా?”

డాక్టరు గారు ఫిల్మును బల్ల మీద పెట్టి ఆమెను మెచ్చుకోలుగా చూశారు. “ఇన్నాళ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. కొంత చుట్టూ చెదురుతుంది. అందుకే నేను ఆ గోడవతల నిలబడి మీట నొక్కుతాను. మాకు చదువు చెప్పిన మాష్టారు రోగుల నోట్లో ఫిల్మును తన వేలితోనే పట్టుకునేవారు. ఇరవై ఏళ్లు అలాగే చేశారు. ఆ వేలు పుండైంది, ఎన్ని మందులు రాసినా మానలేదు. చివరికి తీసేశారు.”

గురవమ్మ తన వేళ్లను చీరకొంగులో దాచుకుంది.

“ఆయన తీసినవి వేలకు వేలు. నీకు ఒక్కటే కాబట్టి భయం లేదు. నీ వేలితో నువ్వే పట్టుకోవాలి, అంతే.”

“నాకు సరేనయ్యా.” పేరమ్మ కొంగు సర్దుకుంది. “కడుపుతో ఉండే ఆడదానికో?”

డాక్టరు గారి చూపు గురవమ్మ మీదికి మళ్లింది.

“ఎంత తక్కువైనా బిడ్డ విషయంలో ఆ ముప్పు మనకెందుకు? తప్పనిసరైతే తప్ప నేను తీయను. చూసి అంచనా వేసుకుని చీము తీసేస్తాను, ఫొటో కాన్పయ్యాక చూసుకోవచ్చు. అసలు అలాంటివాళ్లను ఈ గదిలోనే ఉండనివ్వను. ఏమ్మా, నీకేమైనా...?”

“లేదండీ,” అంది గురవమ్మ నేల చూస్తూ.

నీళ్ల దగ్గర, వలల దగ్గర, చేపలు ఎండబెట్టే చోట, ఏడాదిగా కనిపించిన ప్రతివాళ్లూ అడిగేది అదే. అడగనిది అత్త ఒక్కతే. అందుకే ఆమంటే ప్రాణం. ఈ రోజు ఆమె కూడా అడిగించింది, అదీ పరాయి మగమనిషి చేత!

“ఎందుకైనా మంచిది, నువ్వు వసారాలో కూర్చోమ్మా,” అన్నారు డాక్టరు గారు.

గురవమ్మ వసారాలో బల్ల మీద కూలబడిందో లేదో, లోపల కుర్చీ కిర్రుమంది. పేరమ్మ గబగబా బయటికొచ్చేసింది.

“పదవే, పోదాం. నొప్పి తగ్గిపోయింది.”

వెనకే డాక్టరు గారు. “ఎక్కడికమ్మా? ఆ చీము దవడకు పాకితే ప్రాణం మీదికొస్తుంది!”

“అయితే ఫొటో లేకుండా పీకేయండయ్యా. సూదిమందు కూడా వద్దు. కుయ్యి కయ్యి అనను.”

ఆయన నోరెళ్లబెట్టారు. “పీకుతానంటే పారిపోయేవాళ్లను చూశాను గానీ, ఫొటోకు భయపడి పీకమనేవాళ్లను చూళ్లేదు. పన్ను నిలబడే వీలుంటే ఎందుకు పోగొట్టుకోవాలి? కాస్త మీ అత్తకు నచ్చజెప్పమ్మా, చేతులు కడుక్కుని వస్తాను,” అని లోపలికి వెళ్లారు.

వసారాలో అత్తాకోడళ్లే మిగిలారు. వాచిన ఆ చెంప చూడగానే గురవమ్మ కోపమంతా దిగిపోయింది. అత్త చేయి తన ఒళ్లోకి తీసుకుంది.

“నా కోసమేనా అత్తా ఇదంతా? ఒట్టు, నాకేం లేదు. మొన్ననే గదా నేను మూడు రోజులు బయట కూర్చున్నది. దేవుడిచ్చిననాడు మొదట నీకే చెప్తాను. నేను ఆ గేటు దగ్గర నిలబడతాలే, నువ్వు పోయి కూర్చో.”

“అది కాదే...”

“మరేంది? నిన్ను ఊరంతా మగరాయుడంటారే! ఇంత చిన్న ముక్కకు నీకేంది భయం?”

పేరమ్మ వీధి వైపు చూసింది, గది తలుపు వైపు చూసింది. ముప్పై ఎనిమిదేళ్ల ఆ ముఖంలో వాపు లేని చెంప కూడా ఎర్రబడింది. కోడలి తల దగ్గరికి లాక్కుని చెవిలో నోరు పెట్టింది.

“మీ మామకు కూడా ఇంకా తెలీదు, ఎవరితో అనమాక,” అంది.

“ఎవరికీ చెప్పను. ఏంది?”

“నెల తప్పింది నాకే.”