మారు వడ్డన

"వద్దమ్మా, ఇక చాలమ్మా!" అంటూ అప్పాజీ కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

ఇంటావిడ పలేసా ఆ చేతుల్ని మెల్లిగా పక్కకి తప్పించి, మొక్కజొన్న ముద్ద ఇంకోటి వేసింది. పక్కన ఆకుకూర. దాని మీద చిక్కుడు గింజల కూర, కంచం అంచు దాకా.

ఆఫ్రికాలో లెసోతో అనే కొండల దేశం. గడ్డి కప్పిన గుండ్రటి ఇల్లు. చలికి ఒంటినిండా దుప్పటి కప్పుకుని తిరుగుతున్న ఇంటావిడ. చాప మీద మండపేట రైసుమిల్లు ఓనరు అప్పాజీ, ఆయన భార్య రామలక్ష్మి. టూరు ప్రోగ్రాం ప్రకారం ఊరు చూడాలి, ఒకరింట్లో భోంచెయ్యాలి, ఆ తర్వాత గైడుతో కొండ ఎక్కాలి. ఊరు చూడ్డం అయింది. భోజనమే అవడం లేదు.

గుమ్మంలో నిలబడ్డ గైడు టెబోహో మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తున్నాడు. "మధ్యాహ్నమైతే శిఖరం మీదికి మబ్బు దిగుతుంది మేడమ్. దిగిందంటే ఎవర్నీ పైకి తీసుకెళ్ళం," అన్నాడు ఇంగ్లీషులో.

రామలక్ష్మి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆ మాట మొగుడికి తెలుగులో చెప్పింది. "విన్నారా? లేవండి ఇక."

"కంచంలో ఇంత పెట్టుకుని ఎలా లేస్తానే? ఆవిడ మొహం చూడు ఒకసారి."

ఆవిడ మొహం నిజంగానే బాగాలేదు. వడ్డిస్తోంది గానీ గరిటె గరిటెకీ ఆగి అప్పాజీ మొహంలోకి చూస్తోంది. ఎక్కడ ఏం తప్పు జరుగుతుందో అని హడలిపోతున్నట్టుంది.

అప్పాజీ బతుకంతా పల్లంలోనే గడిచింది. కాలవగట్టు కంటే ఎత్తైంది ఎక్కాల్సిన అవసరం రాలేదు. అలాంటి మనిషికి అరవై దాటాక కొండ పిచ్చి పట్టుకుంది. శనివారం శనివారం కోరుకొండ మెట్లెక్కి దిగి కాళ్ళకి అలవాటు చేశాడు. ఇంటికెళ్ళగానే మోకాళ్ళ ఆపరేషన్. ఆ తర్వాత కొండల మాటెత్తొద్దని డాక్టరు ముందే చెప్పేశాడు. సాయంత్రం తిరుగు ప్రయాణం. ఎక్కితే ఈ పూటే ఎక్కాలి, లేకపోతే జన్మలో లేదు.

"చాలని గట్టిగా చెప్పండి మరి!"

"గట్టిగానే చెప్పానుగా. అంతకంటే గట్టిగా చెబితే బాగుంటుందా? మనింట్లో నేను వడ్డిస్తుంటే ఎవడైనా లేచిపోతే వాడి గుమ్మం మళ్ళీ తొక్కుతానా? మర్యాద ఎక్కడైనా మర్యాదే."

ఆ ముద్ద అయింది. పలేసా గైడు వైపు చూసింది. గైడు తల దించుకున్నాడు. ఆవిడ నిట్టూర్చి మళ్ళీ కుండ దగ్గరికి నడిచింది.

రామలక్ష్మి ఇంక ఉండబట్టలేకపోయింది. "బాబ్బాబు, నువ్వైనా చెప్పవయ్యా ఆవిడకి."

"వడ్డన మధ్యలో నేను కలగజేసుకోకూడదు మేడమ్. చాలా తప్పు," అన్నాడు టెబోహో.

ఆ జవాబు రామలక్ష్మి తెలుగులో చెప్పగానే అప్పాజీ ఆయాసపడుతూనే మురిసిపోయాడు. "చూశావా, ఎంత పద్ధతైన మనుషులో! ఎక్కడి గోదావరి, ఎక్కడి లెసోతో! మర్యాదలో మనకేం తీసిపోరు."

"మెచ్చుకున్నది చాలు. ముందు ఆ బెల్టు వదులు చేసుకోండి."

బెల్టు వదులైంది. ముద్ద దిగడానికని పలేసా పుల్లటి జొన్నజావ ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెడితే మళ్ళీ నింపింది. రామలక్ష్మి తెలివైంది. శనివారం ఉపవాసమని మొదట్లోనే చెప్పి, గ్లాసుడు జావతో బయటపడింది. అప్పాజీకి అలాంటి అబద్ధాలు నోట రావు. తిండి దగ్గర అసలే రావు. చెమటలు తుడుచుకుంటూ తిన్నాడు. చెయ్యి కడుక్కోబోతే ఆవిడ భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

కుండ అడుగుకి గరిటె తగిలి చప్పుడయ్యాక గానీ వడ్డన ఆగలేదు.

అప్పాజీ గోడ పట్టుకుని లేచాడు. బూట్ల లేసులు కట్టుకుందామని వంగబోయాడు. పొట్ట అడ్డమొచ్చింది. రామలక్ష్మే కట్టింది. చేతికర్ర తీసుకుని గుమ్మం దాటి, తలెత్తి చూశాడు. శిఖరం కనపడలేదు. తెల్లటి మబ్బు ఊరి చివరి ఇళ్ళ దాకా దిగిపోయింది.

"సారీ సర్. ఇవాళ ఇంక కుదరదు," అన్నాడు టెబోహో.

అప్పాజీ గడప మీద కూలబడ్డాడు. "పోయిందే రామలక్ష్మీ. నా కొండ పోయింది." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కండువా లేదు కాబట్టి చొక్కా చేతికే తుడుచుకున్నాడు.

రామలక్ష్మికి మొగుడి మీద జాలి, ఆ ఊరి మీద కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. గైడు మీద విరుచుకుపడింది. "ఇదేం ఆచారమయ్యా మీది? మనిషి వద్దు మొర్రో అంటుంటే పెడుతూనే ఉంటారా? ఈ కొండ కోసం ఆయన ఎంత కష్టపడ్డారో తెలుసా నీకు?"

లోపల పలేసా ఖాళీ కుండ కడిగి, ఇంట్లోవాళ్ళ కోసం మళ్ళీ పిండి కొలుస్తోంది. టెబోహో తెల్లబోయి చూశాడు.

"మా ఆచారమా మేడమ్? మేం చాలంటే ఆపేస్తాం. వద్దంటే ఇంకా పెట్టమని అర్థమనీ, మధ్యలో ఎవరు ఆపినా అతిథిని అవమానించినట్టేననీ దగ్గరుండి ఈవిడకి నేర్పి వెళ్ళింది పోయినేడొచ్చిన మీ రాజమండ్రి వాళ్ళే!"