మన చెరువు చేప

సకల జనుల సమ్మెతో ఎల్బీనగర్‌లో బస్సులు ఆగిపోయి పది రోజులైంది. మీర్‌పేట చెరువు గట్టున గోపయ్య, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చిన గంగాధరరావు పక్కపక్కనే గాలాలు వేసుకుని కూర్చున్నారు.

గోపయ్య గాలానికి కొర్రమట్ట పడింది. దాని నోట్లోంచి కొక్కెం మెల్లగా తీసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు.

"ఇది ఈడనే పుట్టింది. ఈడనే పిల్లలు పెడ్తది."

తర్వాత రవ్వ చేప పడింది. దాన్ని మాత్రం సంచిలోకి విసిరాడు.

"దీన్నెందుకు వదల్లేదు?" అన్నాడు గంగాధరరావు.

"గది మీ ఆంధ్ర దిక్కుకెల్లి వ్యాన్ల తెచ్చి పోసిన చేపపిల్లల సీడు. మా చెరువుల మేతంత తింటది గని, ఈడ ఒక్క పిల్ల పెట్టది. అసొంటిదాన్ని ఎవడన్న వదుల్తడా? మీరు గూడ గంతే. ఎప్పుడు పోతరో చెప్పుండ్రి."

గంగాధరరావు ముఖం ఎర్రబడింది. గాలం దారాన్ని కర్రకు చుట్టేసి లేచాడు.

"బస్సులు కదలగానే పోతాం. మా అమ్మాయికి ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే చెయ్యాలి కదా. ఇక్కడి ఇల్లు ఖాళీ చేశాక దాని పుట్టిల్లు భీమవరమే."

"తీస్కపోండ్రి. ఎవలొద్దన్నరు?"

"మీ మనవడో మనవరాలో అక్కడే పుడుతుంది. వ్యాన్‌లో కాదు, ఎల్బీనగర్ బస్సులో తెచ్చి మీ ఒళ్ళో పెడతాను. అప్పుడు వదులుతారో, సంచిలో వేస్తారో మీరే తేల్చుకోండి బావగారూ!"