గుర్రుమనే హెడ్‌ఫోన్లు

“విను. మౌస్ నొక్కగానే గుర్రుమంటోందా, లేదా?”

ఝర్నా తన తలమీది హెడ్‌ఫోన్లు తీసి పల్టు తలకి తగిలించింది. పల్టు కళ్ళు మూసుకుని విన్నాడు.

“అంటోంది దీదీ. పక్కగదిలో ఎవరో గురక పెడుతున్నట్టుంది,” అని కంప్యూటర్ వెనక తీగలు చూడటానికి వంగాడు. వంగే ఇంకేదో అన్నాడు.

“ఇటు తిరిగి చెప్పు. మనిషితో మాట్లాడేటప్పుడు మొహం చూసి మాట్లాడాలని మీ అమ్మ నేర్పలేదూ?”

పల్టు నవ్వుతూ తిరిగాడు. “రొద కంప్యూటర్ పొట్టలోనే ఉందంటున్నా.”

చందన్‌నగర్‌లోని ఆ ధర్మాసుపత్రిలో చెవుల గది ఇరవై ఆరేళ్ళుగా ఝర్నా కుండూ ఏలుబడిలో ఉంది. మొహం చూసి మాట్లాడకపోతే డాక్టర్లనైనా ఆమె వదిలిపెట్టదు. పల్టు మోదక్ జగద్ధాత్రి పూజకి దీపాల బొమ్మలు కట్టే పనివాడు. మిఠాయివాళ్ళింట్లో పుట్టి తీగలు పట్టుకున్నాడని వాళ్ళ నాన్న ఇప్పటికీ సణుగుతుంటాడు. కరెంటు ఎక్కడ ఎందుకు అల్లరి చేస్తుందో అతనికి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదని ఝర్నా నమ్మకం.

“ఇన్నేళ్ళూ ఉన్న గుర్రే కదా దీదీ. ఇప్పుడింత పట్టుదల దేనికి?”

ఝర్నా సొరుగులోంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. తూలీ పాల్, ఆరేళ్ళు. వినికిడి బాగుంది. కింద ఆమె సంతకం.

“కిందటేడు బడిపిల్లల పరీక్షలో రాశాను. పిల్లల్ని గోడవైపు కూర్చోబెట్టి ఒక్కో శబ్దం వినిపిస్తాను. వినబడినప్పుడల్లా వేలెత్తాలి. ఈ పిల్ల ప్రతిసారీ ఎత్తింది. మొన్న కలకత్తా ఆసుపత్రికి తీసుకెళ్తే తేలింది, సన్నని శబ్దాలు ఒక్కటీ వినబడవట దానికి.”

“మరి వేలెలా ఎత్తింది?”

“నేను మౌస్ నొక్కినప్పుడు గుర్రుమంటుందిగా, అది విని. ఏడాదంతా బళ్ళో మొద్దుపిల్ల అనిపించుకుంది పాపం.”

“అందులో మీ తప్పేముంది?”

“సంతకం నాది కాదూ?” అంది ఝర్నా. ఆ కాగితం చూసినప్పుడల్లా ఆమెకి అన్నం సహించడం లేదు. “సోమవారం అరవైమంది వస్తారు పల్టూ. వాళ్ళలో ఇంకో తూలీ ఉండకూడదు.”

పల్టు పనిలోకి దిగాడు. మొదటిరోజు ప్లగ్గు మార్చి, భూమిలోకి కొత్త తీగ దింపాడు. గుర్రు తగ్గలేదు. రెండోరోజు కంప్యూటర్‌ని బ్యాటరీ మీద నడిపాడు. తగ్గింది కానీ పోలేదు. మూడోరోజు సాయంత్రం అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు.

“శబ్దం తయారుచేసే పని కంప్యూటర్ పొట్టలోంచి బయటికి లాగేస్తున్నా. దాని రొద ఇందులోకి రాకుండా మధ్యలో అడ్డం కూడా పెట్టా.”

“ఏదో ఒకటి చెయ్యి నాయనా.” ఝర్నా కిటికీ దగ్గర నిలబడింది. పొద్దు వాలుతోంది. “ఒకప్పుడు ఈ వేళకి కీచురాళ్ళు చెవులు చిల్లులు పొడిచేవి. వెనక తోటలో సగం కొట్టేశాక అవీ పోయాయి.”

పల్టు తలెత్తి కిటికీ వైపు ఒకసారి చెవి ఒగ్గి, మళ్ళీ తీగలు బిగించుకున్నాడు.

డబ్బా తగిలించాక ఝర్నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దాన్ని సున్నాకి తగ్గించి మౌస్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. గుర్రు లేదు. గుడి తలుపులు మూశాక ఉండేంత నిశ్శబ్దం. ఆమె కళ్ళు చెమర్చాయి. “బంగారు చేతులురా నీవి,” అని పల్టు జేబులో రెండు సందేశ్ మిఠాయిలు కుక్కింది.

మర్నాడు పది గంటలకల్లా అతనికి కబురు వెళ్ళింది. పల్టు వచ్చేసరికి ఝర్నా మొహం కందగడ్డలా ఉంది.

“ఏం చేశావురా? గుర్రుతో పాటు సన్నని శబ్దాలన్నీ కోసి పారేశావు.”

“నా డబ్బా దేన్నీ కొయ్యదు దీదీ.”

“రోజూ పొద్దున్నే యంత్రాన్ని నేనే విని చూసుకుంటాను. బొంగురు శబ్దం నుంచి సన్నటిదాకా ఎనిమిది మెట్లు. చివరి మూడూ ఇవాళ అసలు పలకడం లేదు. నిన్నటిదాకా నొక్కితే చాలు, వినబడేవి.” ఆమె పుస్తకం తెరిచి చూపించింది. ప్రతి తేదీ పక్కనా ‘సరే’ అని ఉంది. “ఇరవై ఆరేళ్ళుగా ఈ యంత్రానికి నా చెవులే సాక్ష్యం. రేపే సోమవారం. ఆ పిల్లలకేం వినిపించను?”

పల్టు డబ్బా విప్పాడు, చూశాడు, మూశాడు. తీగలు చేత్తో తడిమాడు. ఎక్కడా లోపం కనబడలేదు.

“ఒక పని చేద్దాం దీదీ. నేనే బడిపిల్లాణ్ణి. నాకు పరీక్ష పెట్టండి.”

“ఊహించి ఎత్తావంటే చెవి మెలేస్తా.”

పల్టు పిల్లల పీట మీద మోకాళ్ళు ముడుచుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తూలీ కూర్చున్నదీ ఆ పీట మీదే. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఆ దళసరి మెత్తలు దాటి మౌస్ చప్పుడు లోపలికి పోదు.

ఝర్నా అన్నిటికన్నా సన్నని మెట్టు ఎంచుకుంది. మౌస్ మీద చెయ్యి ఉంచింది కానీ నొక్కలేదు. మనసులో పది లెక్కపెట్టింది. పల్టు కదల్లేదు. ఇరవై లెక్కపెట్టింది. కదల్లేదు.

మోసం చెయ్యడం లేదు, మంచివాడే, అనుకుంది. డబ్బా తీసేయించాలి, రేపటికి ఇంకో దారి చూడాలి, అనుకుంటూ మౌస్ నొక్కింది.

పొద్దున తనకి వినబడని ఆ శబ్దానికే పల్టు వేలు లేచింది.