అత్తగారి చేతి గాతా

“అయితే అబద్ధం ఆ రోజు చెప్పారా, ఈ రోజు చెబుతున్నారా?” అని అడిగింది జడ్జి.

జెమ్మా పక్కకు చూసింది. అమెరికాలో, గ్లెండేల్‌లోని ఆ చిన్న విచారణ గదిలో పక్క కుర్చీలో ఆమె అత్తగారు అరుస్యాక్ ముత్యాల దండ వేసుకుని, పెదాలకు రంగు పూసుకుని పెళ్లికొచ్చినట్టు కూర్చుంది. ఒళ్లో పెట్టుకున్న సంచిలోంచి నిమ్మ వాసన వస్తోంది.

కౌంటీ అధికారి డెల్గాడో గొంతు సవరించుకున్నాడు. “పెద్దావిడను కనిపెట్టుకుని ఉండే కోడలికి ప్రభుత్వం రోజుకు ఎన్ని గంటల జీతం ఇవ్వాలో, వాళ్లింటికి వెళ్లి చూశాకే నిర్ణయించానండీ. ఇల్లు అద్దంలా ఉంది. గాతా అని తీపి రొట్టె పెట్టారు. ‘మా అత్తయ్యే చేసింది’ అని ఈవిడే చెప్పింది. రెండు ముక్కలు తిన్నాను కూడా. అంత బాగా వండే మనిషికి పొద్దస్తమానం కాపలా ఎందుకు? రోజుకు రెండు గంటల జీతం చాలనుకున్నాను.”

“ఆ రొట్టె చేసింది నేనేనండీ” అంది జెమ్మా. “ఇంటికొచ్చినవాళ్ల ముందు కోడలు తన గొప్ప చెప్పుకుంటుందా? మా ఆర్మేనియన్లలో పెద్దావిడ పేరే చెబుతాం. ఆవిడకి మతి నిలవదు. పొయ్యి వెలిగించి మర్చిపోతుంది, వీధిలోకి వెళ్లిపోతుంది. ఉద్యోగం మానేసి రెండేళ్లుగా కనిపెట్టుకుని ఉన్నాను. ఆ జీతం బకాయి వస్తే తప్ప అద్దె కట్టలేం. ఇల్లు ఖాళీ చేయమంటున్నారు.”

“నేను పొయ్యి మర్చిపోతానా?” అరుస్యాక్ కస్సుమంది. “దీనికి పిండి కలపడం నేర్పిందే నేను! అమ్మా జడ్జీ, దీని మాట వినకు. అన్నీ నేనే చేసుకుంటాను. ఇదా, అద్దం ముందు నుంచి కదలదు.”

డెల్గాడో నవ్వు దాచుకోలేదు. జెమ్మాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇక తన పని అయిపోయినట్టే.

“ఇదిగో, పొద్దున ఇది ముస్తాబవుతుంటే నేనే చేశాను” అంటూ అరుస్యాక్ సంచిలోంచి రుమాలు మూట తీసి విప్పింది. పలకలుగా కోసిన తెల్లటి ముక్కలు, పైన పంచదార పొడి. ముచ్చటగా ఉన్నాయి. “తిను నాయనా. నిన్ను వట్టి నోటితో పంపితే మా ఇంటికే అవమానం.”

“చూశారా అండీ!” అంటూ డెల్గాడో ఒక ముక్క అందుకుని నోటి దగ్గరకు తీసుకెళ్లాడు.

జెమ్మా ఆ ముక్క వంక చూసింది. ఒక్క ఉదుటున లేచి, అతని చేతిలోంచి లాక్కుంది.

“నువ్వే తింటావా? సరే, తిని ఎలా ఉందో చెప్పవే!” అంది అరుస్యాక్ ఆశగా.

నలుగురిలో అత్తగారి ముఖం చిన్నబుచ్చడం జెమ్మాకు ఇష్టం లేకపోయింది. సగం కొరికి నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలాగో నవ్వు తెచ్చుకుని, బాగుందన్నట్టు తల ఊపింది.

“ఏమిటమ్మా ఈ పని?” జడ్జి కోపంగా అంది. “అతని చేతిలోది ఎందుకు లాక్కున్నారు?”

జవాబు చెబుదామని జెమ్మా నోరు తెరిచింది. మాట కంటే ముందు సబ్బు నురగ బయటికొచ్చింది.