మాడు వాసన

"చూశావా, పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను. కాళ్ళు ఒక్కసారి కూడా మండలేదు," అంది అక్క, ఇస్త్రీపెట్టె మూత తీసి బొగ్గులు కదుపుతూ.

చెల్లెలు చొక్కాలు మడతపెడుతోంది. ఆ ఇస్త్రీ కొట్టు ఇద్దరిదీ. షుగరు కూడా ఇద్దరికీ ఉంది.

"నాకైతే అరికాళ్ళకి కారం రాసినట్టుంటోందక్కా. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను."

"అందుకే మానెయ్యమన్నాను. మానేసిన కొత్తలో నాకూ మండాయి. తర్వాత వాటంతటవే చల్లబడ్డాయి. డాక్టరు రాసినవన్నీ మింగుతూ పోతే ఒళ్ళు మందుల కొట్టయిపోతుంది. నేను ఇప్పుడు చెప్పులు కూడా వేసుకోవడం లేదు. దూది మీద నిలబడ్డట్టు హాయిగా ఉంది."

చెల్లెలికి ఆశ పుట్టింది. కిటికీలో ఉన్న తన మాత్రల పొట్లం తీసి చెత్తబుట్టలో పడేసింది.

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది," అని అక్క నవ్వింది.

కాసేపటికి మాడు వాసన వచ్చింది.

అక్క గబుక్కున పెట్టె పక్కకి ఎత్తిపెట్టి, బల్ల మీది తెల్లచొక్కా అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా మచ్చ లేదు.

"కింద మూటలో నిప్పు పడిందేమో చూడవే. పరాయివాళ్ళ బట్టలు, మాట పడాల్సొస్తుంది."

చెల్లెలు బల్ల కిందికి వంగింది. మూట బాగానే ఉంది. మూట పక్కన అక్క కుడికాలు ఉంది. ఆ పాదం కిందినుంచి సన్నగా పొగ వస్తోంది.

"దొరికిందా?" అంది అక్క, బరువంతా ఆ కాలి మీదే వేసి చొక్కా వాసన చూస్తూ.