నర్మద భయం

"అత్తమ్మా! జల్దీ రా! మళ్ల వచ్చింది!"

వంటింట్లోంచి కోడలి అరుపు వినగానే లింగమ్మ కళ్లు మూసుకుంది. బజారు నుంచి అప్పుడే వచ్చి అరుగు మీద కూలబడింది. నోట్లో పోసుకున్న నీళ్లు ఇంకా గొంతు దిగనేలేదు.

"ఏడుంది?" అంది కూర్చున్న చోటు నుంచే.

"దూలం మీద. గింత పెద్దగుంది. పొయ్యి కాడికి పోవాల్నంటేనే భయమైతుంది."

లింగమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. లోపల నర్మద చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గోడకు అతుక్కుపోయి ఉంది. దూలం మూలలో చింతగింజంత సాలెపురుగు, కదలకుండా. లింగమ్మ పొరక అందుకుని ఎడమచేత్తో ఎత్తబోయింది.

"ఆ చెయ్యి వద్దు! మొన్న గట్లనే కొడితే నా నెత్తి మీద పడ్డది."

పళ్లు బిగించి కుడిచెయ్యి ఎత్తింది లింగమ్మ. భుజంలో ఏదో పుటుక్కుమన్నట్టయింది. రెండుసార్లు పొరక అందలేదు. మునివేళ్ల మీద లేచి మళ్లీ విసిరితే సాలెపురుగు కింద పడి, గడప దాటి పరుగు తీసింది.

"పోయింది తియ్. ఇగ వండుకో," అంటూ లింగమ్మ వచ్చి మళ్లీ అరుగు మీద వాలింది. చెంబులో మిగిలిన నీళ్లు కూడా తాగబుద్ధి కాలేదు.

పక్కింటి కాసింబీ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఇయ్యాల గూడనా?"

"రోజూ ఉన్నదే. అలిసిపోయిన, కాసింబీ."

"మనూర్ దిక్కు పత్తి చేన్లల్ల పెరిగిన పిల్ల. గీ పురుగుకు గంత డర్ ఏంది? నేనొచ్చి కొట్టనా?"

"ఒప్పుకోదు. నేను కొడితేనే పోతదంట."

ఎండాకాలంలో లింగమ్మ కుడి భుజం పట్టేసింది. కొప్పు ముడవాలన్నా, దండెం మీద బట్టలు ఆరేయాలన్నా చెయ్యి లేచేది కాదు. కోడలిని వెంటబెట్టుకుని దవాఖానకు పోతే, డాక్టరు గోళీలు ఇచ్చి రోజూ కసరత్తు చెయ్యమన్నాడు. ఈ వయసులో బడిపిల్లల్లా డ్రిల్లు చేస్తే నలుగురూ నవ్వరా అనుకుని లింగమ్మ గోళీలు మాత్రమే తెచ్చుకుంది. ఇంట్లో ఒకటి రెండుసార్లు గుర్తుచేయబోయిన నర్మదను, "నువ్వేమన్న డాక్టరువా?" అని కసిరింది. ఆ తర్వాత నర్మద ఆ ఊసెత్తలేదు. వానలు మొదలయ్యాయి. వానలతో పాటే ఈ సాలెపురుగుల గోల.

కొడుకు శివరాజ్ పొద్దంతా ఆటో తిప్పుతాడు. తల్లి అవస్థ చూడలేక ఒకరోజు పొడుగాటి వెదురు కట్టె తెచ్చి, దాని కొసకు పొరక కట్టి ఇచ్చాడు. తెల్లారేసరికి ఆ కట్టె నీళ్ల పొయ్యిలో కాలుతోంది.

"పుల్లలన్నీ తడిసినయి. చూసుకోక పెట్టిన," అంది నర్మద నేల చూపులు చూస్తూ.

లింగమ్మ తిట్టలేదు. తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఆ సాయంత్రం శివరాజ్ అన్నం ముందు కూర్చోగానే ఆమె నోరు విప్పింది.

"రేపు కల్హేర్ పోతున్న. ఉమారాణి కాడనే ఉంట."

"చెల్లె కాడికా? ఎన్ని రోజులు?"

"ఇగ రాను."

శివరాజ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏమైందమ్మా?"

"నీ పెండ్లాన్నడుగు. గీ ఇంట్ల నేను అత్తనా, పురుగులు కొట్టెటందుకు పెట్టుకున్న మనిషినా? నా చెయ్యి నొస్తదని ఎరుకే. అయినా ఒక్కనాడన్న ఇడిసిపెట్టిందా? రేపు నేను మంచాన పడితే గీమె నన్ను చూస్తదా?"

శివరాజ్ భార్య వైపు తిరిగాడు. "ఏందే నీ లొల్లి? గా భయమేదో కొంచెం తగ్గించుకోరాదా?"

నర్మద అతని కంచంలో రొట్టె వేసింది.

"భయమైతది. ఏం చెయ్యాలె?" అంది.

మరునాడు పొద్దున లింగమ్మ తన చీరలన్నీ సంచిలో కుక్కి, ఊరు మారేముందు గోళీలు తెచ్చుకుందామని ఒంటరిగానే దవాఖానకు వెళ్లింది.

"చెయ్యి లేపమ్మా," అన్నాడు డాక్టరు.

లేపింది. చెయ్యి చెవిని దాటి పైకి పోయింది. డాక్టరు మొహం విప్పారింది.

"శభాష్! కసరత్తు బాగా చేసినవు. గోళీలు నొప్పినే తగ్గిస్తయి. రోజూ పైకి లేపకపోతే ఈ చెయ్యి గట్లనే బిగుసుకపోతుండె."

చెయ్యలేదని చెప్పడానికి సిగ్గేసింది లింగమ్మకు. తలూపి బయటపడింది. దారిలో చెయ్యి కొప్పు మీదికి పోయింది. అవును, ఈ పొద్దున తనే ముడుచుకుంది. డాక్టర్లు ఇట్లాగే చెప్తారులే, గోళీలు మంచివి, అనుకుంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సంచి గుంజకు ఆనించి ఉంది. కోపం పోలేదు గానీ, చెప్పకుండా పోవడానికి మనసొప్పలేదు. వంటింటి గడప దాకా వెళ్లి ఆగిపోయింది.

నర్మద స్టూలెక్కి, అటు తిరిగి నిలబడి ఉంది. అత్త అడుగుల చప్పుడు ఆమెకు వినబడినట్టు లేదు.

నర్మద గుప్పిట విప్పి, సాలెపురుగును మెల్లగా దూలం మీద వదిలింది.