సగం చదివిన మెమరీ

రెజ్యూమేల్లో గౌరీశంకర్ పేరు కనిపించగానే, ఈ ఇంటర్వ్యూ నేనే చేస్తానని అడిగి మరీ తీసుకున్నాను. పాత కంపెనీలో నా మేనేజర్. నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి.

ప్లేనో ఊళ్లో ఉన్న మా ఆఫీసుకొచ్చి, నన్ను చూసి తడబడ్డాడు. ‘‘బాగున్నారా, హైమ గారూ?’’ అన్నాడు. అప్పట్లో ‘నువ్వు’ అనేవాడు.

ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పాను. ‘‘నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి, తప్పులు పట్టే డీబగ్గర్ లైబ్రరీ కోడ్‌తో దాని మెమరీ చదువుతున్నాం. సగం దాకా డేటా బాగానే వస్తోంది. తర్వాత అన్నీ సున్నాలే. ఎందుకంటారు?’’

కాసేపు చూసి నవ్వాడు. ‘‘సింపులండీ. లైబ్రరీ సగమే చదివింది. సగమే చదివానని చెప్పింది కూడా. ఈ ప్రోగ్రామ్ రాసినవాడు అది చెక్ చేయకుండా, మొత్తం వచ్చేసిందనుకున్నాడు.’’

ఒక్క లైన్ మార్చి రన్ చేశాడు. సరిగ్గా ఎక్కడ చదవడం ఆగిపోయిందో స్క్రీన్ మీద కనిపించింది.

‘‘ఇలాంటి కోడ్ రాసినవాణ్ణి బగ్ దొరికిన రోజే తీసేయాలండీ,’’ అన్నాడు ధీమాగా.

‘‘తీసేశారు కదండీ. ఆ రోజే. నన్ను.’’

నవ్వు ఆగిపోయింది.

‘‘రాసింది మాత్రం మీరు. మీరు మర్చిపోయారేమో, నేను మర్చిపోలేదు. అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ టైప్ చేసి పెట్టాను, మీ కోసమే.’’